పండుగా వలసా ఒకే వారంలో: శరదృతువులో మీరు చూసిన ఊళ్లు

గోదావరిగట్టు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. దసరా సెలవులు మొదలుకొని కార్తీకమాసం ముగిసే దాకా ప్రయాణాలు చేసే అలవాటున్నవారి అనుభవాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. శరదృతువులో విదేశాలు తిరిగివచ్చినవారు సాధారణంగా రంగు మారిన ఆకుల గురించే రాస్తారు. వాటి అందాన్ని నేను కాదనను, కానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకొనే సంగతి వేరే ఉంది. ఈ రెండు మూడు నెలల్లో పక్షులూ జంతువులూ ఒక చోటు విడిచి మరో చోటికి కదులుతాయి. సరిగ్గా అప్పుడే పంట చేతికి వచ్చి మనుషులు పండుగలు చేసుకుంటారు. కొన్ని ఊళ్లలో ఈ రెండూ ఒకే వారంలో కలుస్తాయి. అటువంటి సమయంలో వెళ్తే ఆ ఊరు మనకు నిండుగా అర్థమవుతుందని నా నమ్మకం.

నేను ఉద్యోగరీత్యా మ్యూనిక్‌లో ఉంటున్నాను. సెప్టెంబరులో ఇక్కడికి వచ్చే మనవాళ్లు అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు ఉత్సవపు గుడారాలు చూసి తిరిగి వెళ్లిపోతారు. 1810లో యువరాజు లుడ్విగ్ పెళ్లి సంబరంగా మొదలైన ఆ ఉత్సవానికి ప్రత్యేకంగా ప్రచారం చేయనక్కరలేదు. నేను మాత్రం రైలెక్కి ఆస్ట్రియాలోని యెన్‌బాఖ్‌లో దిగి, అక్కడి నుంచి చిన్న రైలులో త్సిల్లర్‌టాల్ లోయలోకి వెళ్లమని చెబుతాను. వేసవంతా కొండల మీది పచ్చిక బయళ్లలో మేసిన ఆవుల మందలను, మంచు పడకముందే, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి రోజుల లోపు ఊళ్లోకి దించుతారు. ముందు నడిచే ఆవు తల మీద ఫర్ చెట్టు రెమ్మలతో, పూలతో, రిబ్బన్లతో కట్టిన పెద్ద కిరీటం ఉంటుంది. మెడలోని గంటను మోసే తోలుపట్టీ అరచేయంత వెడల్పు ఉంటుంది. ఆ వేసవిలో మందకు ఏ ప్రమాదమూ జరగకపోతేనే ఆవులను అలంకరించడం అక్కడి ఆచారం. ఒక మంద ఏ అలంకారమూ లేకుండా వీధిలోకి వచ్చినప్పుడు, అంతవరకు చప్పట్లు కొడుతున్న పెద్దవాళ్లు టోపీలు తీసి చేతుల్లో పట్టుకొని నిలబడడం నేను చూశాను.

ఇటువంటి ఊళ్లు మీరు ఏవేవి చూశారు, సరైన సమయాన్ని ఎలా తెలుసుకున్నారు, మన రాక వల్ల అక్కడివారికి మేలు జరుగుతున్నదా అన్న మూడు విషయాలూ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఎర్రనది

మంచి చర్చ మొదలుపెట్టారండీ. నేను కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటున్నాను కనుక మా మానిటోబా రాష్ట్రపు చర్చిల్ గురించి కొంత వివరంగా రాస్తాను.

చర్చిల్ హడ్సన్ అఖాతపు పశ్చిమ తీరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడికి రోడ్డు లేదు. విమానంలో గానీ, విన్నిపెగ్ నుంచి దాదాపు 1,700 కిలోమీటర్ల దూరాన్ని రెండు రోజుల్లో చేరే రైలులో గానీ వెళ్లాలి. ఆ పట్టాల కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే రకం. అది మెత్తబడిన చోట రైలు చాలా నెమ్మదిగా నడుస్తుంది. 2017 వరదలకు ఆ మార్గం కొట్టుకుపోయినప్పుడు ఏడాదికి పైగా ఊరికి రైలే లేదు.

వేసవిలో అఖాతంలో మంచు కరిగిపోగానే ధ్రువపు ఎలుగుబంట్లు ఒడ్డుకు చేరుతాయి. వాటి ఆహారం ప్రధానంగా సీల్ జంతువులు, వాటిని వేటాడడానికి సముద్రం మీద మంచు పరుచుకొని ఉండాలి. అందువల్ల జులై నుంచి నవంబరు దాకా అవి ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు మీదే బతుకుతాయి. చర్చిల్ నది మంచినీరు కలిసే ఈ తీరంలో మంచు మిగతా చోట్ల కంటే ముందుగా కడుతుంది. ఆ సంగతి ఎలుగుబంట్లకు తెలుసు, అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో అవి ఈ చుట్టుపక్కలకు చేరి ఎదురుచూస్తాయి. ఎత్తైన చక్రాల బండ్లలో పర్యాటకులను టండ్రా, అంటే చెట్లు పెరగని చలి మైదానం, మీదికి తీసుకువెళ్తారు. ఆ బండి వెనుక భాగంలో ఇనుప జాలీ పరిచిన వరండా వంటిది ఉంటుంది. మేము అందులో నిలబడి ఉండగా ఒక మగ ఎలుగుబంటి బండి కిందికి వచ్చి, ముక్కు పైకెత్తి జాలీ సందుల్లోంచి నా బూటు అడుగు వాసన చూసింది. దాని ఊపిరి ఆవిరి జాలీ దాటి పైకి రావడం స్పష్టంగా కనిపించింది.

ఇక పండుగ సంగతి. అక్టోబరు 31న హాలోవీన్ రాత్రి పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ మిఠాయిల కోసం తిరుగుతారు. అది ఎలుగుబంట్లు ఊరి అంచుల్లో తిరిగే సమయమే. అందుచేత వన్యప్రాణి అధికారులు, పోలీసులు, స్వచ్ఛంద సేవకులు వాహనాలతో ఊరి చుట్టూ కాపలా కాస్తారు. కార్ల తలుపులకు తాళం వేయకపోవడం ఆ ఊళ్లో అలవాటు, ఎందుకంటే ఎదురుగా జంతువు వస్తే ఎవరైనా సరే దగ్గరలో ఉన్న కారులోకి దూరగలగాలి. పదేపదే ఊళ్లోకి వచ్చే ఎలుగుబంటిని పట్టుకొని ఒక పెద్ద షెడ్డులో ఉంచుతారు, మనుషుల దగ్గర తిండి దొరుకుతుందన్న అలవాటు పడకుండా నీళ్లు మాత్రమే ఇస్తారు, ఆ తరువాత హెలికాప్టరులో దూరంగా తీసుకువెళ్లి వదులుతారు. నాకు జంతువు కంటే కూడా, దాని పక్కన ఒక ఊరు ఇంత క్రమశిక్షణతో బతకడం గొప్పగా అనిపించింది.

లలిత_పి

ఎర్రనది గారూ, మీరు రాసినది చదువుతుంటే వెళ్లాలని ఎంత అనిపించిందో, వెళ్లడం న్యాయమేనా అన్న సందేహమూ అంతే కలిగింది. మంచు ఆలస్యంగా కట్టడానికి కారణమైన పొగను మన విమానాలే వదులుతున్నాయి. ఆకలితో ఉన్న జంతువును చూడడానికి హైదరాబాదు నుంచి అంత దూరం ఎగిరి వెళ్లడం నాకు సమ్మతం కావడం లేదు. మీ అభిప్రాయం తెలుసుకోవాలని అడుగుతున్నాను, దయచేసి తప్పుగా భావించవద్దు.

ఎర్రనది

లలిత గారూ, మీ ప్రశ్న అడగవలసిన ప్రశ్నే. పశ్చిమ హడ్సన్ అఖాతంలో 2016లో 842గా లెక్కకు వచ్చిన ఎలుగుబంట్లు 2021 నాటికి 618కి తగ్గాయి. కేవలం ఎలుగుబంటి కోసమే భారతదేశం నుంచి బయలుదేరమని నేను ఎవరికీ చెప్పను. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లల దగ్గరికి ఎలాగూ వచ్చే తల్లిదండ్రులు చాలామంది వేసవిలోనే వస్తారు. వారు ఆ ప్రయాణాన్ని అక్టోబరుకు మార్చుకొని, విన్నిపెగ్ నుంచి రైలులో వెళ్లగలిగితే మంచిది. రాలేనివారి కోసం ఈ కాలంలో టండ్రా మీద అమర్చిన కెమెరాల నుంచి ప్రత్యక్ష ప్రసారం అంతర్జాలంలో ఉచితంగా వస్తుంది. నా తల్లిదండ్రులు రాజమండ్రిలో కూర్చొని అదే చూస్తారు.

దోయాంగ్_మిత్రుడు

అంత దూరం వెళ్లనక్కరలేదు, మన దేశంలోనే ఇటువంటి ఊరు ఒకటి ఉంది. నేను దిమాపూర్‌లో చాలాకాలం ఉద్యోగం చేశాను. నాగాలాండ్‌లోని వోఖా జిల్లాలో దోయాంగ్ జలాశయం, దాని పక్కన పాంగ్టీ అనే గ్రామం ఉన్నాయి. సైబీరియా తూర్పు ప్రాంతాల్లో, ఉత్తర చైనాలో గుడ్లు పెట్టే అముర్ డేగలు దక్షిణాఫ్రికా వైపు పోతూ అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడ ఆగుతాయి. ఒక్కో పక్షి బరువు సుమారు 150 గ్రాములు. వానల తరువాత నేలలోంచి లేచే ఉసుళ్లను కడుపునిండా తిని, కొవ్వు పట్టించుకొని, ఆ బలంతో సముద్రాలు దాటుతాయి. 2013లో కొన్నింటికి ఉపగ్రహ పరికరాలు అమర్చి చూడగా, బంగాళాఖాతం మీదుగా దక్కన్ పీఠభూమిని దాటి, అరేబియా సముద్రం మీద ఎక్కడా ఆగకుండా ఆఫ్రికా చేరినట్లు తెలిసింది. అంటే మన నెత్తి మీదుగా పోయే బాటసారులే అవి.

2012లో ఇదే జలాశయం దగ్గర వలలు కట్టి లక్షకు పైగా డేగలను పట్టి చంపారని అంచనా. ఆ దృశ్యాలు దేశమంతా చూసిన తరువాత గ్రామసభలూ, చర్చి పెద్దలూ, అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి కూర్చొని మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాదికే వేట ఆగిపోయింది. ఈ మార్పును మనం బయటి నుంచి చెప్పుకునేటప్పుడు ఊరివాళ్లను మొదట దోషులుగా, తరువాత వీరులుగా చిత్రిస్తాం. నాకు ఆ రెండూ సరిగా అనిపించవు. జలాశయం వచ్చినప్పుడు వారి సాగుభూములు మునిగిపోయాయి, చేపలు పట్టడం కొత్త జీవనాధారమయింది, ఆ వలలకే పక్షులూ దొరికాయి. ఆ ఆదాయాన్ని వారు వదులుకున్నారు. బదులుగా వారికి దక్కవలసినది మనం ఇచ్చే బస ఖర్చు, మార్గదర్శి రుసుము. అందువల్ల దిమాపూర్‌లోనో కోహిమాలోనో హోటల్లో దిగి, తెల్లవారుజామున కారులో వచ్చి, చూసి వెళ్లిపోకండి. ఊళ్లో ఇంటి బసలు ఉన్నాయి, అక్కడే ఉండండి.

చూడవలసినది సాయంత్రం ఒకసారి, వేకువన ఒకసారి. చీకటి పడే ముందు పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి చెట్ల మీద వాలుతాయి. పొద్దున వెలుగు రాగానే లేస్తాయి. కాపలా బురుజు మీద నా పక్కన నిలబడిన మార్గదర్శి ఒకప్పుడు వల కట్టినవాడే. మగ పక్షి రెక్క అడుగున తెల్లటి పట్టీ ఎక్కడ ఉంటుందో, అది ఎగిరేటప్పుడు ఏ క్షణంలో కనబడుతుందో చేత్తో చూపి నేర్పాడు. ఆ నేర్పు అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో అతనే దాచకుండా చెప్పాడు.

నవంబరు 7న అక్కడి లోథా నాగాల పంటకోతల పండుగ, తోఖూ ఎమోంగ్. కోతలు ముగిసి గాదెలు నిండిన తరువాత విందులు, పాటలు, ఆటలతో చేసుకుంటారు. ఆ ఏడాది చనిపోయినవారిని తలుచుకొని సాగనంపడమూ ఇందులో భాగమే. పూర్వం పండుగ మొదలయ్యే వేళకు ఊళ్లో ఉన్న పరాయివారు సూర్యాస్తమయం లోపు వెళ్లిపోవాలి, లేదా పండుగ ముగిసేదాకా ఊళ్లోనే ఉండి ఆతిథ్యం స్వీకరించాలి అన్న నియమం ఉండేదట. నవంబరు మొదటి వారంలో వెళ్తే డేగలూ పండుగా రెండూ దొరుకుతాయి.

నారా_నివాసి

జపాన్ నుంచి ఒక చిన్న చేర్పు. ఎర్ర ఆకుల కోసం క్యోటోకు నవంబరు చివరన అందరూ వస్తారు, దాని గురించి రాయవలసింది పెద్దగా లేదు. పక్కనే ఉన్న నారాలో అక్టోబరులో జింకల కొమ్ములు కోసే ఉత్సవం జరుగుతుంది. 1672 నుంచి ఉన్న ఆచారమిది. మగ జింకలు జతకట్టే కాలంలో కొమ్ములతో పొడుచుకుంటాయి, మనుషులనూ పొడుస్తాయి. అందుకని తాళ్లతో వాటిని పట్టుకొని, చాప మీద పడుకోబెట్టి, పూజారి వచ్చి ముందుగా నోట్లో నీళ్లు పోసి, ఆపైన రంపంతో కొమ్ములు కోసి దేవుడికి సమర్పిస్తారు.

కొల్లేటికొంగ

నారా_నివాసి గారూ, దీన్ని చూడదగిన ఉత్సవం అనడానికి నాకు మనసొప్పడం లేదు. బెదిరి పరుగెత్తే జంతువును చుట్టూ జనం కేకలు వేస్తుండగా తాడు వేసి పట్టడం వినోదం ఎలా అవుతుంది?

నారా_నివాసి

కొల్లేటికొంగ గారూ, జంతువు బెదురుతుందన్న మాట నిజం, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అక్టోబరు నాటికి కొమ్ములోకి రక్తప్రసరణ ఆగిపోయి ఉంటుంది, మన గోరు కత్తిరించినట్లే నొప్పి ఉండదు, వసంతంలో మళ్లీ కొత్త కొమ్ము మొలుస్తుంది. నారాలో ఆ జింకలకు కంచె లేదు. అవి గుడి మెట్ల మీద, బజారులో, బడి ముందర తిరుగుతాయి. వెయ్యేళ్లుగా ఊరివారు వాటిని దైవదూతలుగా భావించి చంపకుండా కాపాడుకుంటూ వచ్చారు. కొమ్ములు కోయడం మానేస్తే జింకలను ఊరి బయట కట్టడి చేయవలసి వస్తుంది. నాకు కోయడమే మేలనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే ఆ రోజు కాకుండా మరో రోజు రండి, జింకలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

బంతితోట

మేము టెక్సస్‌లో ఉంటాము. మెక్సికోలోని మిచోవకాన్ రాష్ట్రానికి మృతుల దినోత్సవం కోసం వెళ్లాము. నవంబరు 1 రాత్రి నుంచి 2 తెల్లవారే దాకా పాట్స్‌క్వారో సరస్సు చుట్టుపక్కల ఊళ్ల శ్మశానాల్లో కుటుంబాలు సమాధుల పక్కనే కూర్చొని జాగరణ చేస్తాయి. కొవ్వొత్తులు, రొట్టెలు, పండ్లు, చనిపోయినవారికి ఇష్టమైన వంటకాలు, అన్నింటికీ మించి బంతిపూలు. మన బతుకమ్మలో తంగేడు, గునుగులతో పాటు పేర్చే బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికోనే. అక్కడి బజారులో రైతులు లారీల నుంచి బంతి మోపులు దించుతుంటే మా అమ్మ ఒక మోపు కొని, ఎవరూ లేని ఒక పాత సమాధి మీద తానే పరిచింది. పక్కన కూర్చున్న పెద్దావిడ మాట్లాడకుండా తన కొవ్వొత్తుల్లోంచి ఒకటి తీసి మాకిచ్చింది.

అదే రోజుల్లో మోనార్క్ సీతాకోకచిలుకలు ఉత్తరాది నుంచి ఆ కొండలకు చేరడం మొదలవుతుంది. చనిపోయినవారి ఆత్మలే అలా తిరిగివస్తాయన్న నమ్మకం అక్కడ ఉంది. కెనడా సరిహద్దుల దగ్గర నుంచి బయలుదేరే ఈ తరం ఎనిమిది నెలల వరకు బతుకుతుంది, వేసవి తరాలు కొన్ని వారాలే బతుకుతాయి. కిందటి ఏడాది ఈ అడవిలో ఉన్నవాటి మునిమనవల వంటివి, ఎన్నడూ చూడని అవే కొండలకు, 3,000 మీటర్ల ఎత్తున ఉన్న అవే ఫర్ చెట్లకు చేరుకుంటాయి. కానీ ఒక ముఖ్యమైన విషయం: అభయారణ్యాలు సందర్శకులకు సాధారణంగా నవంబరు రెండో సగంలోనే తెరుస్తారు. పండుగనాడు ఆకాశంలో ఎగిరిపోయేవి కనిపిస్తాయి గానీ, కొమ్మలు వంగేలా గుత్తులుగా వేలాడే దృశ్యం దొరకదు. రెండూ కావాలంటే మధ్యలో రెండు మూడు వారాలు ఆగాలి, లేదా ఒకదాన్ని వదులుకోవాలి. మేము పండుగనే ఎంచుకున్నాము. ఆ సరస్సులోని హనిట్సియో దీవిలో తోపులాట విపరీతం, దాని బదులు ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లకు వెళ్లండి. ఫోటో తీసేముందు ఆ కుటుంబాన్ని తప్పకుండా అడగండి, అది వారి ఇంటి దుఃఖం.

కొల్లేటికొంగ

బంతితోట గారి చివరి వాక్యం ప్రతి ప్రయాణికుడూ గుర్తుంచుకోవాలి. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల కేంద్రం దగ్గరి గ్రామాలవారు, చెరువులోని చెట్ల మీదికి వచ్చే కొంగలు బెదురుతాయని, దీపావళికి టపాసులు కాల్చరు. ఇక్కడ ఊరు పండుగను పక్షి కోసం మార్చుకుంది. మదురై వెళ్లేవారు దారి మళ్లించుకొని చూడండి.

పైడితల్లి_భక్తురాలు

ఇన్ని దేశాల సంగతులు చదివాక మా విజయనగరం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. అమ్మవారు పూజారికి కలలో కనబడి చెట్టు ఎక్కడుందో చెబుతుందని మా నమ్మకం. ఆ చింతచెట్టును నరికి తెచ్చి చెక్కిన పొడవాటి మానును రథానికి బిగిస్తారు. దాని చివర పీఠం మీద పూజారి కూర్చోగానే మాను పైకి లేస్తుంది. ముందుగా పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. జనం కింద నుంచి అరటిపండ్లు విసురుతారు. మేడ మీద నిలబడి చూస్తే, ఆ ఎత్తున పూజారి ఒక చేత్తో మానును ఆనుకొని మరో చేత్తో విసనకర్ర ఊపుతూ దాదాపు మన కళ్ల ఎదుటికే వస్తాడు. ఆ క్షణంలో మా నాయనమ్మ చెంపలు వేసుకొని "అమ్మా, చల్లగా చూడు తల్లీ" అనే మాట ఇప్పటికీ మా ఇంట్లో అందరి నోటా వస్తుంది.

దసరా నాటికి శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దిగి ఉంటాయి. సెప్టెంబరు నుంచి రావడం మొదలుపెట్టి, ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని వేసవి ముందర వెళ్తాయి. నౌపడా వైపు చిత్తడి నేలల్లో అవి చేపలు పడతాయి. పక్షులు వచ్చిన ఏడు పంటకు మంచిదని ఊరివారి నమ్మకం, ఆ నమ్మకమే వాటికి రక్ష. తలెత్తితే కొమ్మల మధ్య గూడబాతు సంచిలాంటి దవడ కదలడం, దాని గొంతులోకి పిల్ల తల దూర్చి తినడం దుర్భిణి అవసరం లేకుండా కనిపిస్తుంది.

గోదావరిగట్టు

పైడితల్లి_భక్తురాలు గారూ, వచ్చే దసరాకు మా అమ్మానాన్నలను తీసుకొని ఈ రెండూ చూడాలనుకుంటున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, జనంలో నిలబడలేదు. రోజులు ఎలా సర్దుకోవాలో, ఎక్కడ బస చేయాలో చెప్పగలరా? దోయాంగ్_మిత్రుడు గారూ, నాగాలాండ్‌కు అనుమతి పత్రం ముందే తీసుకోవాలా?

దోయాంగ్_మిత్రుడు

అవునండీ. నాగాలాండేతర భారతీయులకు ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి, ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేసుకోవచ్చు. బయలుదేరే ముందు ఇంటి బసవారికి ఫోన్ చేసి పక్షులు దిగాయా లేదా కనుక్కోండి. వానలు ఆలస్యమైన ఏడు రాక కూడా అటూ ఇటూ అవుతుంది.

పైడితల్లి_భక్తురాలు

తప్పకుండా రండి. ఆదివారానికే విజయనగరం చేరండి, ఎందుకంటే సోమవారం నుంచి ఊళ్లోకి వాహనాలను రానివ్వరు, గదులు కూడా దొరకవు. తొలేళ్ల నాటి ఉదయమే అమ్మవారి దర్శనం చేయించండి. మంగళవారం మధ్యాహ్నం ఊరేగింపు మొదలవుతుంది, అప్పుడు అమ్మగారిని వీధిలో నిలబెట్టవద్దు. ఊరేగింపు దారిలో తెలిసినవారి ఇల్లు ఉంటే మేడ మీద కుర్చీ వేయించండి, ఎవరూ లేకపోతే ఇక్కడే నాకు సందేశం పంపండి, మా పెదనాన్నగారి ఇల్లు ఆ దారిలోనే ఉంది. బుధవారం విశ్రాంతి తీసుకొని, గురువారం తెల్లవారుజామున రైలులో నౌపడా దిగితే తేలినీలాపురానికి ఆటో దొరుకుతుంది. ఎండ ఎక్కకముందు చేరితే పక్షులు గూళ్ల మీదే ఉంటాయి. నాన్నగారికి టోపీ, అందరికీ మంచినీళ్లు తెచ్చుకోండి.